తాళం వేసిన హాల్లో పొగ అలారాలు

మా కాలనీకి పొగ అలారాలు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మళ్ళీ చాలాకాలం వరకూ మా ఇంట్లో పోపు వేసిన పప్పు తినడం ఆ రోజే ఆఖరు.

మాది సముద్రానికి దగ్గరగా ఉన్న హౌసింగ్ బోర్డు కాలనీ. మూడంతస్తుల బ్లాకులు, ఉప్పుగాలికి పెచ్చులు రాలే గోడలు, నెలకోసారి నీళ్ళ ట్యాంకు గురించి గొడవ. దీనికి ఒక సంక్షేమ సంఘం, దానికి నేను సెక్రటరీని. ఈ పదవి నాకు ఏకగ్రీవంగా వచ్చింది. నిలబడమంటే మిగతావాళ్ళంతా కూర్చుండిపోయారు.

ఆ ఏడాది మా ఊళ్ళో గృహాగ్ని నివారణ విభాగం అని కొత్త ఆఫీసు తెరిచారు. దానికి అధికారిగా దక్షిణామూర్తి గారు వచ్చారు. ఆయన్ని ఒక్క మాట అనడానికి లేదు. ఎవరి ఇంట్లోనూ కాఫీ కూడా ముట్టుకోరు. ప్రతి పనికీ ముందు ఒక సూత్రం వెతుకుతారు. సూత్రం దొరికాక ఇక ఆ పని వైపు చూడరు.

ఇంటికొక అలారం ఉచితంగా ఇచ్చారు. గుండ్రంగా, తెల్లగా, మూత పెట్టిన సాసరులా ఉంది. డబ్బాలో బొమ్మలతో ఒక చిన్న కాగితం కూడా ఉంది. వంటగదిలో పెట్టొద్దనీ, వంటగదికీ పడకగదికీ మధ్య నడవాలో పైకప్పుకి బిగించమనీ, ఫ్యాను గాలి తగలకుండా చూడమనీ, నెలకోసారి మీట నొక్కి పరీక్షించమనీ, మోగితే ఏమిటో చూసి బయటికి నడవమనీ ఆ కాగితం చెప్పింది. నేను దాన్ని దక్షిణామూర్తి గారికి చూపించాను. అది తయారీదారుడి వ్యక్తిగత అభిప్రాయం మాత్రమేనని ఆయన అన్నారు.

"దొంగలు తిరిగే చోట పోలీసును పెడతామా, తిరగని చోట పెడతామా? నిప్పు ఉండేది పొయ్యి మీద. కావున సదరు అలారము పొయ్యికి నిట్టనిలువుగా పైన అమర్చబడవలెను."

అలాగే అమర్చబడింది.

మర్నాడు పొద్దున్నే కాలనీలో అన్ని ఇళ్ళలోనూ ఇంచుమించు ఒకే వేళకి మూకుడులో నూనె కాగింది. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరపకాయలు పడ్డాయి, ఇంగువ పడింది. ఆ తరవాత వినిపించిన కూత నేను వర్ణించలేను. రెండు రోజులపాటు మా కాలనీ వైపు కాకులు రాలేదు. మా ఆవిడ హైమ ఒక చేత్తో చెవి మూసుకుని, ఇంకో చేత్తో చేట పట్టుకుని అలారానికి విసురుతూ ఉంటే, పప్పు సంగతి ఇద్దరం మర్చిపోయాం.

దక్షిణామూర్తి గారు పరుగున వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. మొదటి రోజే ఇన్ని ప్రమాదాలు బయటపడ్డాయంటే, ఇన్నేళ్ళుగా ఎన్ని ఎవరి దృష్టికీ రాకుండా పోయాయో ఊహించుకోమన్నారు. అవి ప్రమాదాలు కావు, పోపులని నేను మనవి చేశాను.

"పోపులో నూనె ఉన్నదా?" అని అడిగారు.

"ఉందండి."

"కింద నిప్పు ఉన్నదా? పైన పొగ వచ్చినదా?"

"వచ్చిందండి."

"మరి పోపు అనబడుదానికీ అగ్నిప్రమాదానికీ తేడా ఏమిటి?"

"పోపు తింటామండి."

ఆయన నోట్‌బుక్ తీశారు. 'ప్రమాద పదార్థమును నివాసులు భుజించుచున్నారు' అని రాసుకున్నారు.

వారం తిరగకుండా సర్క్యులర్ వచ్చింది. అలారం మోగిన ప్రతిసారీ దాన్ని ఒక అగ్నిప్రమాదంగా లెక్కించాలి. సెక్రటరీ దాన్ని రిజిస్టరులో ఎక్కించాలి. ఏ ఇంట్లోనైనా నెలలో మూడు ప్రమాదాలు జరిగితే ఆ ఇంటిని ప్రమాదకర గృహంగా గుర్తించి, గ్యాసు కనెక్షను తీసేయమని సిఫారసు చేస్తారు.

గ్యాసు మాట వినేసరికి కాలనీకి క్రమశిక్షణ వచ్చింది. కొందరు పప్పులో పచ్చినూనె వేసుకుని కళ్ళు మూసుకుని తిన్నారు. ఒకాయన అలారానికి ప్లాస్టిక్ సంచి కట్టి, అది పూజ కోసం కట్టిన ముసుగని తనిఖీలో చెప్పాడు. చివరికి నేనే ఒక పరిష్కారం కనిపెట్టాను. డాబా మీద అలారాలు లేవు కాబట్టి అక్కడ ఒక స్టౌ పెట్టించి సామూహిక పోపు కేంద్రం ప్రారంభించాను. బ్లాకుల వారీగా వరస. ఆడవాళ్ళు పైన పోపు వేయించుకుని, గరిటెలో అది చల్లారేలోగా మెట్లన్నీ దిగి కింద పప్పులో కలపాలి. కాగిన నూనెతో ఆ పరుగు చూస్తే నాకే ముచ్చెమటలు పోసేవి. ఒకరోజు రెండో అంతస్తు మాస్టారు పేపరు కోసం కిందికి దిగుతుంటే ఆయన భుజం మీద పోపు ఒలికి బొబ్బలెక్కింది. దీన్ని ఏ పద్దు కింద రాయాలని దక్షిణామూర్తి గారిని అడిగాను. మెట్లు గృహం కిందికి రావు కాబట్టి ఇది గృహాగ్ని కాదనీ, సంబంధిత శాఖ ఏదైనా ఉంటే వారికి తెలియజేయమనీ చెప్పారు. అలాంటి శాఖ దొరకలేదు. మాస్టారు వెన్న రాసుకున్నారు.

ఇంత గందరగోళంలోనూ అలారంతో సుఖంగా ఉన్నది ఒక్క వరహాలమ్మ గారే.

ఆవిడ మూడో బ్లాకులో కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. భర్త పోయాక క్యారేజీలు కట్టి బతుకుతోంది. బ్యాంకు వాళ్ళూ, ఆసుపత్రి నర్సులూ మధ్యాహ్నం ఆవిడ వంటే తింటారు. ఆవిడ వంటగది పైకప్పు కారి కారి ఇనపచువ్వలు బయటపడ్డాయి. అలారాలు బిగించడానికి వచ్చినవాడు అక్కడ డ్రిల్లు పెడితే స్లాబు మీద పడుతుందని భయపడి, నడవాలో బిగించి వెళ్ళిపోయాడు. ఆఫీసు వాళ్ళు దాన్ని తాత్కాలిక అమరిక అని రాసుకున్నారు. కాగితంలో బొమ్మ వేసిన చోట అలారం ఉన్న ఇల్లు మా కాలనీలో అదొక్కటే, అదీ స్లాబు కారడం వల్ల.

రిజిస్టరు పట్టుకుని వెళ్ళినప్పుడు ఆవిడ నాకు సంగతంతా చెప్పింది.

"నాకు జొరమొచ్చి ముక్కు చచ్చిపోయి రెండేళ్ళయిందండి. మాడినా తెలదు, మండినా తెలదు. పక్కింటోళ్ళు వచ్చి సెప్పేదాకా గిన్నెలు మాడిపోయేయండి. ఇప్పుడిదే నా ముక్కండి సెక్రటరీ గారూ. పోపుకి కిక్కురుమనదు. మాడితే మాత్రం ఊరుకోదు. గ్యాసు వాసన దీనికి తెలదంటండి, అందుకని పనవగానే సిలిండరు కాడే కట్టేత్తాను."

మొన్న మధ్యాహ్నం శనగలు పొయ్యి మీద పెట్టి కాస్త నడుం వాల్చిందట. నీళ్ళన్నీ ఇగిరిపోయి గిన్నె అడుగంటి పొగ వచ్చింది. అలారం కూసి లేపింది. లేకపోతే నిద్రలోనే పోయేదాన్నండి అంది, నవ్వుతూనే. రాసుకోండి, ఇది రెండోసారి అని కూడా తనే చెప్పింది. మిగతా ఇళ్ళన్నిటినీ చేటలూ ప్లాస్టిక్ సంచులూ కాపాడుతుంటే, నిజం చెప్పిన ఇల్లు అదొక్కటే. నెల తిరగకుండానే మా రిజిస్టరు ప్రకారం కాలనీలో అందరికంటే ప్రమాదకరమైన మనిషి వరహాలమ్మ గారు. దక్షిణామూర్తి గారు ఆ పేరు కింద ఎర్రసిరాతో గీత గీశారు.

అంతలో కార్తీక పౌర్ణమి వచ్చింది. ఏడాది పొడుగునా దీపం పెట్టలేని వాళ్ళందరూ ఆ ఒక్క సాయంత్రం మూడువందల అరవై అయిదు వత్తుల కట్ట నేతిలో ముంచి వెలిగిస్తే లెక్క సరిపోతుంది. మా కాలనీలో ఏడాది పొడుగునా దీపం పెట్టగలిగిన వాళ్ళు ఎవరూ లేరు. బాల్కనీల్లో తులసి కుండీల దగ్గర కట్టలు భగ్గున లేచాయి. పొగ సముద్రపు గాలికి తిన్నగా వంటిళ్ళలోకి వెళ్ళింది. చేటలు చాలలేదు.

దక్షిణామూర్తి గారికి దీనితో పెద్ద ధర్మసందేహం వచ్చింది. ఒక్క కట్ట ఒక ప్రమాదమా, మూడువందల అరవై అయిదు ప్రమాదాలా? పై ఆఫీసుకు రాసి సలహా కోరారు. లీపు సంవత్సరంలో ఎన్ని వత్తులు వెలిగిస్తారో ముందు తెలియజేయమని పై ఆఫీసు తిరుగు జాబు రాసింది. ఆయన మూడు రోజులు నిద్రపోలేదని విన్నాను. నాలుగో రోజు కొత్త సూత్రంతో వచ్చారు.

"అలారము మోగుట ప్రమాదమైనచో, అలారము మోగని చోటు భద్రమైన చోటు. ఇన్నాళ్ళు మనము అలారములను ప్రమాదకరమైన చోట్ల ఉంచి పొరపాటు చేసినాము. ఇకమీదట వాటిని భద్రమైన చోటనే ఉంచవలెను."

అలాంటి చోటు వెతకడానికి ఒక కమిటీ వేశారు. నేను అందులో ఉన్నాను. ఒక చేత్తో వెలిగించిన అగరువత్తి, ఇంకో చేత్తో పరీక్ష అలారం పట్టుకుని కాలనీ అంతా తిరిగాం. పడకగదుల్లో దోమల చుట్టలున్నాయి. హాళ్ళలో సాంబ్రాణి ఉంది. మెట్ల కింద రైల్వే రిటైర్డు గార్డు గారి చుట్ట ఉంది. డాబా మీద నా పోపు కేంద్రమే ఉంది. మనుషులున్న ప్రతి చోటా ఏదో ఒక పొగ ఉంది. ఆఖరికి కమ్యూనిటీ హాలు తలుపు తెరిపించాం. గోడలకి ఏ రంగు వేయాలన్న తగాదా వల్ల అది రెండేళ్ళుగా తాళం వేసి ఉంది. లోపల అగరువత్తి కూడా ఆరిపోయింది. దక్షిణామూర్తి గారు తృప్తిగా ఊపిరి పీల్చుకుని, ఆ దుమ్ముకి తుమ్మారు.

అలారాలన్నీ ఇళ్ళలోంచి ఊడదీసి ఆ హాలు పైకప్పుకి వరసలుగా బిగించారు. ప్రతిదాని కిందా ఫలానా ఫ్లాటుదని నంబరు రాశారు. తలుపుకి మళ్ళీ తాళం వేశారు. దీనికి కేంద్రీకృత అలారం వ్యవస్థ అని పేరు పెట్టారు. ఆ రాత్రి కాలనీ అంతా ఇంగువ ఘుమఘుమలాడింది. నేను నాలుగుసార్లు పప్పు వడ్డించుకున్నాను.

వరహాలమ్మ గారి అలారం ఊడదీయడానికి వెళ్ళినప్పుడు ఆవిడ స్టూలుకి అడ్డంగా నిలబడింది. తన దాన్ని తనకి వదిలేయమంది. ఒక్క ఇంటికి మినహాయింపు ఇస్తే వ్యవస్థ కేంద్రీకృతం కాదని నేను వివరించాను. పైగా ఇది ఆవిడకే మంచిదని కూడా చెప్పాను. ఇంకో ప్రమాదం నమోదైతే గ్యాసు పోతుంది, ఇప్పుడు అలారమే లేదు కాబట్టి ప్రమాదం నమోదయ్యే వీలే లేదు.

ఆవిడ స్టూలు ముందు నుంచి పక్కకి జరిగింది.

"అయితే ఇంక ఇల్లు కాలిపోయినా రాయరన్నమాటండి."

సాంకేతికంగా అంతేనని ఒప్పుకున్నాను.

పది రోజుల్లో ఆవిడ క్యారేజీలు తిరిగి రావడం మొదలైంది. కూర మాడు వాసన వేస్తోందనీ, పులుసు అడుగంటిందనీ నర్సులు మొహమాటపడుతూనే మానేశారు. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి కదలడం మానేసింది. మధ్యాహ్నం పడుకోదు, గిన్నెలోకి చూస్తూ కూర్చుంటుంది. పొగ కంటికి కనబడితేనే తెలుస్తుంది, వీపు తిప్పితే తెలియదు. హైమ గంటకోసారి వెళ్ళి గుమ్మంలో నిలబడి వాసన చూసి వచ్చేది. ఒకసారి వెళ్ళేసరికి మసిగుడ్డ అంచు కాలుతోందట. వరహాలమ్మ గారు పక్కనే కూర్చుని బీరకాయలు తరుగుతోందట. ఆ రోజు మా ఆవిడ నాకు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"ఎవరూ లేని హాలుకి గది నిండా ముక్కులు తగిలించారు. మనిషికి ఉన్న ఒక్క ముక్కూ ఊడబెరికారు. మీ సంఘం చల్లగా ఉండ!"

నేను వరహాలమ్మ గారి చేత దరఖాస్తు పెట్టించాను. దక్షిణామూర్తి గారు దాన్ని జాగ్రత్తగా చదివి, 'అలారము అవసరమని కోరుటయే సదరు గృహములో పొగ కలదనుటకు అంగీకారము. పొగ గల చోట అలారము ఉంచరాదు' అని రాసి తిప్పి పంపారు. అందులో తప్పు ఎక్కడుందో వెతకడానికి నాకు ఒక పూట పట్టింది. దొరకలేదు.

ఇదిలా ఉండగా మా కాలనీలో ఒక్క అలారమూ మోగలేదన్న కబురు పై ఆఫీసు దాకా వెళ్ళింది. మాకు 'నిర్ధూమ కాలనీ' అని బహుమతి ప్రకటించారు. డైరెక్టరు గారు స్వయంగా వచ్చి ఇస్తారు. సభ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే రాలేదు. విజయానికి కారణమైన కమ్యూనిటీ హాలులోనే, ఆ అలారాల కిందే పెట్టాలని దక్షిణామూర్తి గారు నిర్ణయించారు.

అతిథులకు భోజనాలు వరహాలమ్మ గారే వండాలని హైమ పట్టుబట్టింది. లేకపోతే ఆ రోజు నుంచి మా ఇంట్లో కూడా నిర్ధూమమేనని చెప్పింది. నేను ఒప్పుకున్నాను. సభ రోజు పొద్దున్న వెళ్ళి చూస్తే వరహాలమ్మ గారు పెద్ద స్టౌనూ మూకుడునూ హాలు లోపలే ఒక మూల పెట్టించుకుని కూర్చుని ఉంది. ఇదేమిటని అడిగాను.

"అలారాన్ని మా ఇంటికి పంపకూడదన్నారు కదండి. నాకు అది లేకుండా ఇంతమందికి వండాలంటే బయ్యమండి. అందుకని పొయ్యినే దాని దగ్గరికి తెచ్చేసుకున్నాను."

సర్క్యులర్లు అన్నీ తిరగేశాను. గృహంలో పొగ గురించి తప్ప హాలులో పొగ గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. సరే కానివ్వమన్నాను.

డైరెక్టరు గారు వచ్చారు. యాభై ఏళ్ళ ఆవిడ, తక్కువ మాటల మనిషి. దక్షిణామూర్తి గారు స్వాగతోపన్యాసం మొదలుపెట్టి, పొగరాహిత్యమనే మహోన్నత లక్ష్యసాధన దిశగా అని అంటూ ఉండగా, మూలన పులిహోరలోకి ఎండుమిరపకాయలు మూకుడులో పడ్డాయి. కిటికీలు రెండేళ్ళుగా తెరవలేదు. పొగ తిన్నగా పైకి లేచింది. ఒక అలారం మోగింది. దాని పక్కది మోగింది. ఆ తరవాత కాలనీలో ఉన్న ఇళ్ళన్నీ ఆ పైకప్పు మీద ఒక్కసారిగా అరిచాయి.

డైరెక్టరు గారు చటాలున లేచి బయటికి నడిచారు. ఎండలో నిలబడి మిగతావాళ్ళ కోసం చూశారు. ఎవరూ రాలేదు. ఆడవాళ్ళు అలవాటు చొప్పున కొంగులు తీసి పైకి విసురుతున్నారు. నేను టైము చూసి రిజిస్టరు తెరిచాను. దక్షిణామూర్తి గారు ఉపన్యాసాన్ని కాస్త గొంతు పెంచి కొనసాగించారు.

కూతలు సద్దుమణిగాక డైరెక్టరు గారు గుమ్మంలోకి వచ్చి, ఒక్కరైనా ఎందుకు కదల్లేదని అడిగారు. మోగగానే ముందుగా సమయం నమోదు చేయవలెనని నిబంధన ఉందని దక్షిణామూర్తి గారు విన్నవించారు.

"ఏం కాలుతోందో చూసిందెవరు?"

 మూలనుంచి వరహాలమ్మ గారు లేచి నిలబడింది.

"నేను సూశానండి. మిరపకాయలండి. మోగగానే దింపేశాను. ఇవి ఇక్కడ ఉండబట్టి ఇయ్యాల పులిహోర మాడలేదండి. మా ఇంట్లో ఉండుంటే రోజూ కూర మాడేది కాదండి."

తరవాత తన ముక్కు సంగతి చెప్పింది. గట్టిగా చెప్పలేదు, ఏడవలేదు. డైరెక్టరు గారు నిలబడే విన్నారు. విన్నాక దక్షిణామూర్తి గారి వైపు తిరిగారు.

అప్పుడు నాకు దక్షిణామూర్తి గారి మీద నిజంగా గౌరవం కలిగింది. ఆయన చెమట తుడుచుకుని ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నారు. ఒకే హాల్లో, ఒకే నిమిషంలో, కాలనీలో ఎన్ని ఇళ్ళున్నాయో అన్ని అగ్నిప్రమాదాలు. ఇది రాస్తే బహుమతి పోతుంది, ఉద్యోగమూ అనుమానమే. రాయకపోతే నిబంధన పోతుంది. ఆయన కళ్ళు తెరిచి నాకు డిక్టేట్ చేశారు.

"సదరు అలారములు అన్నియు ఆయా గృహములకు చెందినవి. అవి హాలులో ఉండుట కేవలము రవాణాలో భాగము. కావున ఈ ఉదయము నుండి వర్తించునట్లుగా వాటిని ఆయా గృహములకు తిరిగి అప్పగించడమైనది. హాలులో అలారములు లేవు. లేని అలారములు మోగజాలవు."

ఎక్కడ బిగించాలని నేను అడిగాను. ఆయన జవాబు చెప్పేలోగా డైరెక్టరు గారు, డబ్బాలో కాగితం ఉంటుంది కదా, అందులో ఉన్నట్టు పెట్టండి, ఇంక రిజిస్టరు అక్కర్లేదు అన్నారు. బహుమతి కూడా ఇచ్చేశారు, తెచ్చింది తిరిగి మోసుకెళ్ళడం ఎందుకని. పులిహోర అందరూ రెండుసార్లు వడ్డించుకున్నారు. దక్షిణామూర్తి గారు అప్పటిదాకా మా కాలనీలో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, మూడుసార్లు వడ్డించుకున్నారు.

ఆ సాయంత్రం నేనే స్టూలు ఎక్కి వరహాలమ్మ గారి అలారాన్ని నడవాలో బిగించాను. మీట నొక్కితే మోగింది. ఆవిడ రెండు చేతులూ ఎత్తి దానికి దణ్ణం పెట్టింది. నర్సులు మళ్ళీ క్యారేజీలు మొదలుపెట్టారు.

రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం ఆ కూత మళ్ళీ వినిపించింది. ఆగలేదు. హైమ చేతిలో పళ్ళెం అక్కడే పెట్టి పరుగెత్తింది. ఆవిడ వెనక నేను, నా వెనక మాస్టారు, గార్డు గారు, మెట్ల మీద ఎవరున్నారో వాళ్ళందరూ. తలుపు నెట్టుకుని వెళ్ళేసరికి నడవాలో కళ్ళు మండేంత పొగ. వెలుగుతున్న స్టౌ పక్కన పెట్టిన గోనె అంటుకుంది. పక్కనే నూనె డబ్బా. వరహాలమ్మ గారు జ్వరంతో మందు వేసుకుని లోపలి గదిలో మంచం మీద మగతగా పడి ఉంది. హైమా ఇంకో ఇద్దరూ ఆవిడ్ని లేపి బయటికి నడిపించారు. మాస్టారు సిలిండరు కట్టేశారు. నేనూ గార్డు గారూ గోనెను బయటికి ఈడ్చి నీళ్ళు పోశాం.

ఆరుబయట కుర్చీలో కూర్చోబెట్టాక ఆవిడకి తెలివి వచ్చింది. చుట్టూ ఉన్న మమ్మల్నందరినీ ఒక్కొక్కరిగా చూసింది.

"మీకందరికీ ఇనపడిందాండి?" అని అడిగింది.

వినపడిందని హైమ చెప్పి, ఆవిడ తల తన భుజానికి ఆనించుకుంది. మేమెవరమూ కాసేపటిదాకా ఇళ్ళకి వెళ్ళలేదు.

ఈ సంగతి నేను ఆఫీసుకు తెలియజేయలేదు. దక్షిణామూర్తి గారి లెక్కల్లో ఆ రోజు మా కాలనీలో ఏమీ జరగలేదు. నిజంగానే ఏమీ జరగలేదు. మర్నాడు కాక ఆ మర్నాడు వరహాలమ్మ గారు లేచి వంట చేసింది.